అవొగాడ్రో మహాశయుఁడు

రసాయనశాస్త్రము నభ్యసించు విద్యార్థులు వాయువుల లెక్కలు చేయునపుడు తఱచుగా అవొగాడ్రో యను పేరు విందురు. పేరు విననివారు లేరు. ఆయన జీవితము నెఱిఁగినవారు మాత్ర మరుదు. తాను కనుఁగొన్న సత్యమునకు జీవితకాలములోఁ దగిన మన్నన పొందక, మరణానంతరము లోకమునకు గురువైన యీ మహనీయుని చరిత్రమును సంగ్రహముగా మా చదువరులకుఁ దెలుపఁ దలఁచితిమి.

అమెడియో అవొగాడ్రో 1776వ సంవత్సరము ఆగష్టు 9వ తేదీన ఇటలీ దేశమందలి ట్యూరిన్ నగరమున జన్మించెను. ఆయన వంశమువారు తరతరములుగా న్యాయశాస్త్రజ్ఞులు. ఆయనయు నా మార్గముననే నడచి, 1796లో, ఇంకను ఇరువది యేండ్ల ప్రాయముననే, క్రైస్తవసంఘ ధర్మశాస్త్రమునందు డాక్టరు పట్టమును బొంది న్యాయవాదవృత్తి నవలంబించెను. అయినను ఆయన మనస్సు గణితభౌతికశాస్త్రములయందే లగ్నమై యుండెను. 1800 ప్రాంతమునుండి ఆ శాస్త్రములను స్వయముగా నభ్యసించి, 1809లో వెర్చెల్లి పట్టణమందలి కళాశాలలో నుపాధ్యాయుఁ డయ్యెను.

ఆ కాలమున పండితుల నొక చిక్కు బాధించుచుండెను. రెండు పాళ్ల ఉదజనియు ఒక పాలు ఆమ్లజనియుఁ గలిసినచో రెండు పాళ్ల నీటియావిరి కలుగునని ఫ్రాన్సుదేశీయుఁడగు గే లూసాక్ ప్రయోగములచే నిరూపించెను. ఆమ్లజని పరమాణువు విభజింపరానిదైనచో ఒక పాలు ఆమ్లజని రెండు పాళ్ల యావిరి కెట్లు చాలును? డాల్టన్ పండితుఁ డీ సంగతికి సమాధానము గానక, ఆ ప్రయోగములనే సందేహించెను.

1811లో అవొగాడ్రో ఫ్రెంచి భాషలో నొక వ్యాసమును బ్రకటించి యీ ముడిని విప్పెను. సమానమైన ఉష్ణోగ్రతయు సమానమైన పీడనమునుగల యే వాయువులైనను, సమానమైన ఘనపరిమాణములలో సమానసంఖ్యగల అణువులుండునని ఆయన సిద్ధాంతము. మఱియు, ఆమ్లజని యణువునందు రెండు పరమాణువులు జంటగా నుండుననియు, సంయోగసమయమున నవి విడిపోవుననియు ఆయన యూహించెను. ఇంతతోఁ జిక్కు తీఱెను. కాని సజాతీయ పరమాణువులు తమలోఁ దాము కూడవని బెర్జీలియస్ మొదలగు ప్రముఖులు నమ్మియుండిరి. కావున దూరపుఁ బట్టణమందలి యుపాధ్యాయుని మాట నాలకించినవారు మిక్కిలి కొద్ది.

1820లో ట్యూరిన్ విశ్వవిద్యాలయమున నాయనకు ఆచార్యపదవి లభించెను. 1821లో నా రాజ్యమున జరిగిన తిరుగుబాటు పిమ్మట ఆ పదవి పోయెను. తిరిగి 1834లో దానిని బొంది 1850 వఱకు శాంతముగా బోధించెను. ఆయన యాఱుగురు బిడ్డలకుఁ దండ్రి, ఆడంబర మెఱుఁగనివాఁడు. 1856 జూలై 9వ తేదీన పరమపదించునాఁటికి ఆయన సిద్ధాంతము పండితలోకమున నించుమించుగా మఱపునఁబడి యుండెను.

నాలుగేండ్లు గడచిన పిమ్మట, 1860 సెప్టెంబరులో జర్మనీయందలి కార్ల్‌స్రూ నగరమున రసాయనజ్ఞుల మహాసభ జరిగెను. అప్పటికి పరమాణుభారముల విషయమై ఐకమత్యము లేదు. నీటిని గూర్చియే వేర్వేఱు సంకేతములు వాడుకలో నుండెను. ఇటలీ దేశీయుఁడగు కన్నిజారో అవొగాడ్రో సిద్ధాంతము నాధారముగాఁ గొని వీనిని సరిదిద్దవచ్చునని వాదించెను. సభాంతమునఁ బంచిపెట్టఁబడిన ఆయన చిన్నపుస్తకమును జదివి పలువురు పండితులు సత్యమును గ్రహించిరి.

ఈ సిద్ధాంతమువలనఁ గలిగిన ప్రయోజన మెట్టిదో మా చదువరు లొక యుదాహరణముచే నెఱుఁగుదురుగాక. అమోనియా కర్మాగారమున నొక గొట్టములో గంటకు 28 కిలోగ్రాముల నత్రజనియు, వేఱొక గొట్టములో గంటకు 6 కిలోగ్రాముల ఉదజనియుఁ బ్రవహించుచున్నవనుకొందము. తూకమును జూచినచో నత్రజనియే యెక్కువ. కాని 28ని 28చేతను, 6ను 2చేతను భాగింపఁగా, గంటకు నత్రజని 1 కిలోమోలు, ఉదజని 3 కిలోమోలులు. సంయోగమునకు వలసిన పాళ్లు సరిగా నివియే. పూర్తిగాఁ గలిసినచో 2 కిలోమోలుల అమోనియా, అనఁగా 34 కిలోగ్రాములు, కలుగును. సున్న డిగ్రీల సెంటిగ్రేడున, ఒక వాతావరణ పీడనమున కిలోమోలునకు సుమారు 22.4 ఘనమీటర్ల చొప్పున నత్రజని 22.4, ఉదజని 67.2 ఘనమీటర్లగును. ఆ 3 కిలోమోలులను 1000చే గుణించి 3600చే భాగించినచో సెకనుకు 0.833 మోలు, పౌనుమోలునకు 453.6 మోలుల చొప్పున లెక్కించినచో గంటకు 6.61 పౌనుమోలులు. ప్రమాణములు మాఱినను గొట్టములోని యణువుల సంఖ్య మాఱదు. ఆమ్లజని పరమాణుభారము 16 గాక 8 యను పూర్వపుఁ బొరపాటు నిలిచియున్నచో, 18 కిలోగ్రాముల నీటిని ఒక కిలోమోలునకు బదులు రెండని లెక్కించి యుందుము!

ఒక మోలునందలి యణువుల సంఖ్యను అవొగాడ్రో లెక్కింపలేదు. 1909లో జీన్ పెరిన్ దానికి ఆయన పేరు పెట్టెను. 2019 మే 20వ తేదీనుండి మోలు అనఁగా సరిగా 6.02214076 × 10²³ కణములని నిర్ణయింపఁబడి యున్నది.

విద్యార్థులారా! మెప్పు రానిచో చదువు వ్యర్థమని యెంచువారికి ఈ జీవితము మంచి జవాబు. అర్ధశతాబ్దము సత్యము నిరీక్షించెను, కాని నశింపలేదు. లెక్కలలో ప్రమాణములను మార్చునపుడెల్ల ఈ వృద్ధగురువు నొక్క క్షణము స్మరింతురని మా యాశ.