షేక్ చినమౌలానా సాహేబుగారు

కల్లములలో మిరపకాయలు ఎండుచు, పత్తి బోరెములు బజారునకు పోవుచుండు మాఘ ఫాల్గుణములు మన సీమలో పెండ్లిండ్ల కాలము. సన్నాయి మ్రోగగానే మనము అక్షతలు చల్లుదుమే గాని, వాయించువాని వంక చూడము. ఆ వాద్యమునకు సంగీతసభలలో గౌరవము తెచ్చిన వారిలో నొకరు మన ప్రాంతీయులే యని విద్యార్థు లెరుగవలెనని మేమీ చరిత్రమును వ్రాయుచున్నాము.

షేక్ చినమౌలానా సాహేబుగారు 1924వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఒంగోలు చెంతనున్న కరవది గ్రామమున, వాద్యకారుల వంశమందు జన్మించిరి. నేడు ప్రకాశము జిల్లాలోనిదైన ఆ గ్రామము అప్పుడు గుంటూరు జిల్లాలో నుండెను. తొలిపాఠములు తండ్రియగు కాశిం సాహేబుగారి వద్దను, పిదప చిలకలూరిపేట ఆదం సాహేబుగారి వద్దను నేర్చిరి.

ఆ విద్య స్వగ్రామమున బ్రదుకుటకు చాలియుండును. ఆయన తృష్ణకు మాత్రము చాలలేదు. తంజావూరు బాణీని అభ్యసింపగోరి తమిళదేశమునకేగి, నాచ్చియార్‌కోయిల్ సోదరులగు రాజం, దొరైకణ్ణు పిళ్లెగార్లకు శిష్యులై అనేక సంవత్సరములు శ్రమించిరి.

స్వరములు ఏడే గదా, ఇంత దూరమేల యని ఎవరైన అడుగవచ్చును. నాదస్వరమున వ్రేళ్లాడించు రంధ్రములును ఏడే. క్లారినెట్టునకు వలె మీటలు లేవు. ఊపిరి యొత్తిడి చేతను, పెదవుల బిగువు చేతను, రంధ్రమును సగము మూయుట చేతను స్వరభేదములను, గమకములను పలికింపవలెను. ఇది గ్రంథము చూచి నేర్చునది కాదు.

ఇందుకు దూరదేశపు నిదర్శనమొకటి కలదు. తూర్పు ఐరోపా యూదుల పెండ్లిండ్లలో వాయించువారిని క్లెజ్మరులందురు. గానసాధనములని అర్థమిచ్చు హీబ్రూ పదములనుండి ఆ పేరు పుట్టినది. వారు ఫ్రేగిష్ అను స్వరక్రమమున శుద్ధ రిషభము, అంతర గాంధారము, శుద్ధ మధ్యమము, శుద్ధ ధైవతము, కైశికి నిషాదము కలవు. ఇవి మన 14వ మేళకర్తయగు వకుళాభరణ స్వరములే. వారి మరియొక స్వరక్రమము 58వ మేళకర్తయగు హేమవతితో సరిపోవును. మన ఆలాపనవలె తాళములేక సాగు డోయినా వారికి కలదు. గొంతు గద్గదమైనట్లు స్వరమును విరిచి పలికించు విధమును కలదు. అయినను వారి పాట విన్నవారు దానిని వకుళాభరణమనరు. స్వరములొక్కటియైనను నడక వేరు. ఆ నడకను గురువు చెంత కూర్చుండి, ఆయన ఊపిరిని వినియే పట్టవలెను. మౌలానాగారు కరవదినుండి అంత దూరమేగినది దానికొరకే.

ముస్లిం కుటుంబమున పుట్టియు శ్రీరంగనాథునియందు భక్తిగల ఆయన 1964లో శ్రీరంగమున స్థిరపడిరి. అచ్చట శారదా నాదస్వర సంగీతాశ్రమమున శిష్యులను తీర్చిరి. 1977లో పద్మశ్రీ బిరుదమును, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమును పొందిరి. 1999వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన పరమపదించిరి.

విద్యార్థులారా! వచ్చినది చాలునను తలంపు మాకును మీకును తరచుగా కలుగుచుండును. అప్పుడు ఈ కరవది బాలుని తలచుకొనుడు. ఈ యేడు పెండ్లిపందిట సన్నాయి వినబడినప్పుడు, అక్షతలు చల్లిన పిదప, వాయించువాని దరికేగి ఒక్క నిమిషము నిలిచి వినుడు.