విప్పి చూసి నేర్చుకున్న జి.డి. నాయుడు

ప్రతి ఏడూ మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. ఈసారి మేము ఒక మెకానిక్ జీవితం రాస్తున్నాం. ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. జి.డి. నాయుడు అంటే కోయంబత్తూరులో తెలియని వారుండరు. భారతదేశపు ఎడిసన్ అని కూడా ఆయనకు పేరు. బడి చదువు సరిగా సాగని మనిషి కథ చదువుకునే పిల్లలకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. అందుకే రాస్తున్నాం.

నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూరిలో పుట్టారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. ఏనాడో తమిళ ప్రాంతానికి వెళ్ళి స్థిరపడిన తెలుగు వారి కుటుంబం అది. చిన్నప్పుడు ఆయనకు బడి మీద మనసు నిలవలేదు. చదువు మధ్యలోనే ఆగిపోయింది.

ఆ రోజుల్లో ఒక ఇంగ్లీషు అధికారి నడిపే మోటారు సైకిలు ఆయన కంట పడింది. అది రడ్జ్ కంపెనీ తయారు చేసిన 1912 నాటి బండి. ఎద్దుల బండ్లు తప్ప ఎరుగని పల్లెటూరి కుర్రవాడికి దానంతట అదే పరుగెత్తే బండి పెద్ద వింత. ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే బండి తనదై ఉండాలి. చేతిలో డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. ప్లేట్లు అందించి, బల్లలు తుడిచి, పైసా పైసా కూడబెట్టి చివరికి ఆ మోటారు సైకిలు కొన్నారు. కొన్న తర్వాత ఊరంతా తిరిగి మురిసిపోవడంతో ఆగలేదు. దాన్ని ఏ ముక్కకా ముక్క విప్పారు. మళ్ళీ బిగించారు.

విప్పారు, బిగించారు అని రాయడం తేలిక. అందులో ఎంత పని ఉందో షెడ్డులో చెయ్యి నల్లబడిన వారికే తెలుసు. ఆ రడ్జ్ మోటారు సైకిలుకు ఒకే సిలిండరు. అలాంటి ఇంజను దించాలంటే ముందు పెట్రోలు తీసెయ్యాలి. బెల్టు, కార్బురేటరు, పొగ గొట్టం విప్పాలి. ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టకుండా చివరి బోల్టు తీస్తే ఇంజను కాలి మీద పడుతుంది. సిలిండరును నిటారుగా పైకి లాగాలి. లోపలి పిస్టను పక్కకు వాలి దెబ్బ తినకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. కింద తెరుచుకున్న రంధ్రంలో గుడ్డ కుక్కాలి. లేకపోతే ఒక్క నట్టు జారినా మళ్ళీ మొదటికి వస్తుంది. పిస్టను రింగులు పోత ఇనుముతో చేసినవి, కాస్త ఎక్కువ సాగదీస్తే పుటుక్కున విరుగుతాయి. తీసిన ప్రతి భాగాన్నీ కిరోసిన్‌లో కడిగి, తీసిన వరుసలోనే పేర్చుకోవాలి.

బిగించడం ఇంకా కష్టం. పిస్టను పైకి చేరబోయే సమయానికి సరిగ్గా ప్లగ్గులో నిప్పురవ్వ రావాలి. ఆ లెక్క తప్పితే ఎంత తోసినా బండి కదలదు. ఇదంతా పానాలు, స్క్రూడ్రైవరు, సుత్తి లాంటి మామూలు పనిముట్లతో చేయగలిగిన పనే. కావలసింది ఓపిక. విప్పడం ఎవరైనా విప్పుతారు, బిగించి నడిపించిన వాడే మెకానిక్. బడిలో కూర్చోలేని నాయుడు గారికి ఆ బండే బడి అయింది.

ఆ తర్వాత ఆయన మెకానిక్‌గా పనిచేశారు. కోయంబత్తూరులో పేరున్న వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆయనను ఆదరించి సహాయం చేశారు. 1920లో నాయుడు గారు ఒక బస్సు కొని పొల్లాచి, పళని ఊళ్ళ మధ్య స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా పెరిగింది.

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి మన దేశంలోనే కరెంటు మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెప్పుకుంటారు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటు యంత్రం ఆయన చేతిలో రూపుదిద్దుకున్నాయి. 1952లో రెండు వేల రూపాయల ధరకు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో ఆ కారు జనానికి అందకుండానే ఆగిపోయింది.

1944లో వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకొని, పరిశోధక విద్యార్థులకు, తన కార్మికులకు, అణగారిన వర్గాల సంక్షేమానికి విరాళాలు ప్రకటించారు. 1945లో ఆయన విరాళంతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. ఆ ఇంజనీరింగు కళాశాలే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. బడి మానేసిన మనిషి దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ళ చదువును పనితో కలిపి నేర్పితే రెండేళ్ళు చాలునన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన పదవి వదులుకున్నారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

ఇక్కడ ఒక నిజం కూడా రాయాలి. నాయుడు గారి వెనుక వ్యవసాయ కుటుంబం ఉంది, నమ్మి సహాయం చేసిన స్టేన్స్ ఉన్నారు. మన హాస్టల్ పిల్లల్లో చాలామందికి అవి లేవు. కాబట్టి ఆయనను చూసి చదువు మానెయ్యమని మేము చెప్పడం లేదు. మనకు చదువే భూమి, చదువే పూచీ. మేము చెప్పేది వేరు.

మన వార్షికోత్సవానికి ఆఫీసర్లయిన అన్నలు వస్తే వేదిక మీద కుర్చీ వేస్తాం, శాలువా కప్పుతాం. సంతోషమే. ఐ.టి.ఐ. చదివి షెడ్డు పెట్టుకున్న అన్నలు, లారీ ఇంజను దించి ఎక్కించగల అన్నలు మాత్రం వెనుక గోడ దగ్గర నిలబడి, భోజనం కాగానే వెళ్ళిపోతున్నారు. కొందరు రావడమే మానేశారు. పదో తరగతి తప్పితే మెకానిక్ షెడ్డే గతి అని పిల్లలను బెదిరించే మాట మనమే వాడుతున్నాం. ఆ మాట ఆ అన్నల చెవిన పడితే ఎలా ఉంటుందో ఆలోచించామా?

వచ్చే ఏడాది వేదిక మీద వారికీ కుర్చీ వేద్దాం. వీలు చూసుకొని ఒక ఆదివారం ఏ అన్న అయినా పాత ఇంజను ఒకటి హాస్టల్‌కు తెచ్చి మా ముందు విప్పి చూపిస్తే, కింద పరచడానికి పాత పేపర్లు, కడగడానికి కిరోసిన్ మేము సిద్ధంగా ఉంచుతాం. విప్పడం అన్న చూపించాలి, బిగించడం మేము నేర్చుకుంటాం.