బొమ్మ కార్ల పెద్దాయన ఫ్రాంక్ హార్న్‌బీ

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమన్నారు. దేశనాయకుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, మనలాగే గుమాస్తాగా బతుకు వెళ్ళదీసిన ఒక దొరగారి సంగతి రాస్తున్నాను.

ఫ్రాంక్ హార్న్‌బీ 1863 మే 15న ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు పట్టణంలో జన్మించారు. పదహారో ఏట చదువు మానేశారు. తరువాత మాంసం దిగుమతి చేసుకునే ఇలియట్ అనే వర్తకుని వద్ద పద్దులు రాసే ఉద్యోగంలో కుదిరారు. పగలు పద్దులు, సాయంత్రం ఇంట్లో ఇద్దరు కొడుకులకు రేకు ముక్కలతో వంతెనలు, క్రేన్లు చేసిపెట్టడం ఆయన పని. ప్రతి బొమ్మకూ కొత్త ముక్కలు కోయడం కష్టమని, అన్ని రేకులకూ అర అంగుళానికొక రంధ్రం పెట్టి, మరలతో బిగించి, విప్పి, మళ్ళీ ఇంకొకటి కట్టుకునే ఏర్పాటు చేశారు. పేటెంటుకు చేతిలో డబ్బు లేక యజమాని దగ్గరే ఐదు పౌన్లు అప్పు తీసుకున్నారు. అది 1901. అప్పటికి ఆయనకు 37 ఏళ్ళు. ఆ బొమ్మే తరువాత మెకానోగా ప్రపంచమంతా పేరు పొందింది. 1920లో బొమ్మ రైళ్ళు వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1933 అక్టోబరు 7న జలదుర్గ ఓడ మన విశాఖ రేవులో ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించారు. సరిగ్గా ఆ నెలలోనే లివర్‌పూల్‌లో హార్న్‌బీ సంస్థ రైలు పట్టాల పక్కన పెట్టుకునేందుకు ఆరు చిన్న బండ్లను విడుదల చేసింది. అందులో మొదటి నెంబరు స్పోర్ట్స్ కారుదే! మరుసటి ఏడు వాటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టారు. పిల్లవాడు తన చేతిఖర్చు డబ్బుతో ఒక్కొక్కటిగా కొనుక్కోగల ధర పెట్టడమే వాటి విజయ రహస్యం. అప్పటికి హార్న్‌బీగారి వయసు 70. పైగా అప్పుడాయన పార్లమెంటు సభ్యులు కూడా.

ఆ రైళ్ళ కొలతలో ఒక అడుగుకు 7 మిల్లీమీటర్లు. అంటే సుమారు 43వ వంతు. ఈనాటికీ బొమ్మ కార్లు సేకరించేవారికి 1:43 కొలత ప్రమాణంగా ఉండటానికి మూలం అదే. నాలుగు మీటర్ల కారు అరచేతిలో 93 మిల్లీమీటర్లుగా ఒదుగుతుంది.

కరిగించిన జింకు మిశ్రమాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి వీటిని పోస్తారు. మన మింది కర్మాగారంలో 1977 నుండి 2012 వరకు తీసిన జింకు లోహమే ఇలాంటి పోతకు ముడిసరుకు. ఆ జింకులో కొంచెం సీసం కలిసినా కొన్నేళ్ళకు బొమ్మ బీటలు వారి పొడి అయిపోతుంది. యుద్ధానికి ముందరి డింకీ కార్లు చాలావరకు అలాగే పోయాయి. నిలిచినవి నేడు సామాన్యునికి అందని ధర పలుకుతున్నాయి.

హార్న్‌బీ 1936 సెప్టెంబరు 21న కన్నుమూశారు. ఆ చిన్న కార్ల పూర్తి వైభవం ఆయన చూడలేదు. 1960ల చివర ఆ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరి, నిక్కీ టాయ్స్ పేరుతో మన దేశంలోనే కార్లు తయారయ్యాయి. లివర్‌పూల్ కర్మాగారం 1979లో మూతపడింది.

నా బీరువాలో పుస్తకాల ముందు పదకొండు చిన్న స్పోర్ట్స్ కార్లు వరుసగా ఉన్నాయి. పెన్షను అందిన నెలలో ఒకటి చొప్పున, రెండు మూడు వందలకు మించకుండా కొన్నవే. ఈ వయసులో బొమ్మలేమిటని ఇంట్లో మొదట నవ్వారు. చిన్నతనంలో అంగడి అద్దం అవతల చూసి వదిలేసిన వస్తువు అది. ఇప్పుడు మనుమడు వచ్చినప్పుడు ఇద్దరం నేలమీద కూర్చుని వాటి తలుపులు తెరిచి చూస్తాము. కొన్నింటికి రంగు లేచిపోయింది. అయినా నాకు విచారం లేదు. డెబ్బయ్యో ఏట బొమ్మ కారును లోకానికి ఇచ్చిన ఆ గుమాస్తా కూడా వాటిని పిల్లలు ఆడుకోవడానికే చేశారు గదా!