మరమనిషికి మనసిచ్చిన డాక్టర్

చదివింది మెడిసిన్. బతికింది బొమ్మల కథలతో. ఆకాశమంత పేరొచ్చింది. 45 ఏళ్లకు కంపెనీ దివాలా తీసింది. అయినా పెన్ను కింద పెట్టలేదు. జపాన్ మాంగాకు కొత్త దారి వేసిన ఒసాము తెజుకా జీవితంలో, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది చాలానే ఉంది.

క్రీస్తుశకం 2482. లియోనా అనే కుర్రాడు ఎగిరే కారులోంచి కిందపడి చనిపోతాడు. డాక్టర్లు వదిలిపెట్టరు. మెదడులో దెబ్బతిన్న భాగం తీసేసి, కృత్రిమ మెదడు అమర్చి బతికిస్తారు. ఆపరేషన్ సక్సెస్. కానీ లేచి చూసేసరికి లియోనాకు మనుషులెవరూ మనుషుల్లా కనిపించరు. డాక్టర్లు, అయినవాళ్లు, దారిన పోయేవాళ్లు... అందరూ మట్టిముద్దల్లా ఉంటారు. ఒకే ఒక్కరు మాత్రం అందమైన అమ్మాయిలా కళ్లకు కడతారు. ఆమె పేరు చిహిరో. లియోనా ఆమె వెంటపడతాడు, ప్రేమిస్తాడు. చూసేవాళ్లకు మాత్రం అక్కడ అమ్మాయే లేదు. ఆఫీసు పనుల కోసం తయారుచేసిన ఓ ఇనుప రోబో ఉంది, అంతే!

ఇది ‘ఫీనిక్స్’ అనే మాంగాలోని ‘పునర్జన్మ’ భాగం. అచ్చయింది 1970-71లో. ఏఐ చాట్‌బాట్‌తో మనుషులు గంటలకొద్దీ కబుర్లు చెప్పే రోజులు అప్పటికి ఇంకా రాలేదు. మరి ఇలాంటి ప్రేమకథ ఆయనకు ఎలా తట్టింది? దానికి జవాబు ఆయన జీవితంలోనే దొరుకుతుంది.

పురుగుల పిచ్చి... బొమ్మల పిచ్చి

తెజుకా 1928 నవంబరు 3న ఒసాకా దగ్గరి తొయొనాకాలో పుట్టాడు. పెరిగింది తకరజుకాలో. ఇంట్లో తండ్రి కొన్న చిన్న ప్రొజెక్టర్ ఉండేది. గోడ మీద డిస్నీ కార్టూన్లు, చాప్లిన్ సినిమాలు ఆడేవి. ఆడవాళ్లే మగవేషాలూ కట్టే తకరజుకా నాటకాలకు అమ్మ తీసుకెళ్లేది. రాత్రిపూట మాంగా పుస్తకాలు గొంతులు మార్చి చదివి వినిపించేది కూడా ఆమే.

బడిలో మాత్రం సుఖం లేదు. బక్కపలచటి పిల్లాడు, పైగా రింగుల జుట్టు. తోటి పిల్లలు ఏడిపించేవాళ్లు. అతను బొమ్మలు వేస్తున్నాడని తెలిశాక అదే పిల్లలు చుట్టూ చేరడం మొదలెట్టారు. ఇంకో పిచ్చి పురుగులు పట్టడం. ఒసాముషి అనే పురుగు పేరు తన పేరుకు దగ్గరగా ఉందని, సంతకంలో ‘పురుగు’ అనే అక్షరాన్ని చేర్చుకున్నాడు. ఆ కలం పేరే జీవితాంతం నిలిచిపోయింది.

ఇంతలో యుద్ధం వచ్చింది. చదువుకునే పిల్లల్ని కూడా ఆయుధాల ఫ్యాక్టరీలకు పంపారు. ఆ రోజుల్లోనే అతని రెండు చేతులకూ ఫంగస్ సోకి, తీసేయాల్సి వస్తుందేమో అన్నంత ముదిరింది. ఒక డాక్టర్ వైద్యంతో చేతులు దక్కాయి. డాక్టర్ కావాలన్న కోరిక అప్పుడే పుట్టింది. 1945 జూన్‌లో ఒసాకా మీద బాంబులు కురిసినప్పుడు తెజుకా ఆ ఫ్యాక్టరీ దగ్గరే ఉన్నాడు. చుట్టూ మనుషులు చనిపోతుంటే తను మిగిలాడు. ప్రాణమంటే ఏంటన్న ప్రశ్న ఆ తర్వాత ఆయన రాసిన ప్రతి పెద్ద కథలోనూ ఉంది.

డిగ్రీ ఒకటి... దారి ఒకటి

అదే ఏడాది ఒసాకా ఇంపీరియల్ యూనివర్సిటీ వైద్య విభాగంలో సీటొచ్చింది. 1946 జనవరిలో పిల్లల పేపర్లో ఆయన నాలుగు గడుల మాంగా మొదలైంది. అప్పటికి 17 ఏళ్లే! 1947లో షిచిమా సకాయ్‌తో కలిసి తెచ్చిన ‘కొత్త నిధి దీవి’ లక్షల్లో అమ్ముడైంది. సినిమా కెమెరా దూరం నుంచి దగ్గరకు వచ్చినట్టు, కారు కళ్ల ముందే దూసుకొచ్చినట్టు సాగే బొమ్మలు చూసి ఓ తరం పిల్లలు మాంగా రచయితలు కావాలని నిర్ణయించేసుకున్నారు.

పగలు అనాటమీ క్లాసు, రాత్రి బొమ్మలు. ఇలా ఎంతకాలం? ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన రోజొచ్చింది. అమ్మనడిగితే, నీకు ఏది ఇష్టమో అదే చెయ్యమంది. తెజుకా మాంగానే ఎంచుకున్నారు. అయితే చదువును మధ్యలో వదిలేయలేదు. 1951లో కోర్సు పూర్తిచేశారు, 1952లో జాతీయ వైద్య పరీక్ష పాసయ్యారు. అంతటితో ఆగలేదు. మాంగాలో తిరుగులేని పేరొచ్చాక కూడా నత్తల కణాల మీద పరిశోధన చేసి, 1961లో నారా మెడికల్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. ఎప్పుడూ ప్రాక్టీస్ పెట్టని డాక్టర్‌కు ఇదంతా ఎందుకు అని అప్పట్లో చాలామందికి అనిపించి ఉంటుంది. కొంచెం ఆగండి, దాని సంగతికి మళ్లీ వద్దాం.

కొడుకు స్థానంలో రోబో

యుద్ధం ముగిశాక జపాన్‌లో అమెరికా సైన్యం దిగింది. ఓ రోజు దారిలో కొందరు సైనికులు తెజుకాను ఏదో అడిగారు. ఆయనకు ఆ భాష అర్థం కాలేదు. జవాబు రాలేదని కొట్టి వెళ్లిపోయారు. ఎదుటివాళ్లను మనిషిగా చూడకపోతే ఏమవుతుందో ఆ దెబ్బ నేర్పింది. తన రోబో కథలకు బీజం అక్కడే పడిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

ఆ బీజం నుంచి మొలిచినవాడే ‘ఆటమ్’. ప్రపంచానికి ‘ఆస్ట్రో బాయ్’గా తెలిసిన కుర్ర రోబో. 1951లో ఓ కథలో పక్కపాత్రగా వచ్చి, 1952 నుంచి హీరో అయ్యాడు. యాక్సిడెంట్లో కొడుకును పోగొట్టుకున్న డాక్టర్ తెన్మా, అచ్చం అలాంటి రోబోను తయారుచేస్తాడు. కానీ రోబో ఎదగదు కదా! ఏళ్లు గడిచినా పిల్లాడు పిల్లాడిలానే ఉన్నాడన్న కోపంతో సర్కస్‌కు అమ్మేస్తాడు. లక్ష హార్స్‌పవర్ బలమున్నా ఆటమ్‌కు దక్కనిది ఒక్కటే, తననూ ఒక మనిషిగా లెక్కపెట్టే చోటు. మనుషులకూ రోబోలకూ మధ్య నిలబడి, ఇద్దరితోనూ తిట్లు తినడం అతని బతుకు.

కథలో ఆటమ్ పుట్టినరోజు 2003 ఏప్రిల్ 7. నిజంగానే ఆ రోజు వచ్చినప్పుడు నీజా అనే ఊరు ఆటమ్‌ను తమ పౌరుడిగా నమోదు చేసుకుంది. కథలో దక్కని చోటు ఊళ్లో దక్కింది!

రేటు తగ్గిస్తే ఏమవుతుంది?

తెజుకా అసలు కల యానిమేషన్. 1960ల మొదట్లో సొంతంగా ‘ముషి ప్రొడక్షన్’ పెట్టారు. పేరులోనూ పురుగే! 1963 జనవరి 1న ఆటమ్ టీవీలోకి వచ్చాడు. వారానికో అరగంట ఎపిసోడ్ చొప్పున సాగిన తొలి జపాన్ యానిమేషన్ సీరియల్ అదే. 1966 చివరి దాకా 193 ఎపిసోడ్లు నడిచింది. అమెరికా టీవీలోనూ ఆడింది.

వారానికో ఎపిసోడ్ అసాధ్యమని అందరూ అన్నదాన్ని ఆయన ఎలా చేశారు? బొమ్మలు తగ్గించి. సెకనుకు 8 బొమ్మలతో సరిపెట్టారు. ముఖం కదలదు, పెదాలు మాత్రం కదులుతాయి. ఒకసారి వేసిన సీన్లను దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడారు. తెలివైన పనే. కానీ ఇంకో పని కూడా చేశారు. తయారీ ఖర్చు కంటే తక్కువ రేటుకే టీవీకి ఇచ్చారు. లోటును మాంగా డబ్బులతో, బొమ్మల సామాన్ల అమ్మకాలతో పూడ్చుకోవచ్చనుకున్నారు. ఆయనకు పూడ్చుకోవడానికి మాంగా ఉంది. మిగతా స్టూడియోలకు ఏముంది? జపాన్ యానిమేటర్ల జీతాలు తక్కువగా ఉండటానికి పునాది అక్కడే పడిందని విమర్శించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క ఆ రేటే కారణం కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా, అవకాశం కోసం ఫ్రీగా పనిచేయడానికి సిద్ధపడే ఫ్రెషర్లు ఈ ముచ్చట గుర్తుంచుకోవాలి.

లియోనా, చిహిరో... ఇద్దరూ ఒక్కటై

1960ల చివరికి గాలి మారింది. పెద్దలు చదివే ముదురు కథల మాంగా వచ్చింది. తెజుకా బొమ్మలు పాతబడ్డాయని కుర్రాళ్లు అనడం మొదలెట్టారు. ఆయనకు అసూయా ఎక్కువే. తన దారిలోనే పైకొచ్చిన ఇషినొమొరి రాసిన ఓ ప్రయోగాన్ని చులకన చేస్తూ ఓ పాఠకుడికి ఉత్తరం రాశారు. అది ఇషినొమొరి చెవిన పడి, ఆ సిరీస్ ఆపేస్తానన్నాడు. అప్పుడు తెజుకా స్వయంగా అతని ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పారు. గురుస్థానంలో ఉన్నవాళ్లు గడప దాకా వెళ్లి సారీ చెప్పడం ఎంత కష్టమో మనకు తెలుసు.

‘పునర్జన్మ’ రాసింది సరిగ్గా ఈ గడ్డు రోజుల్లోనే. ఇప్పుడా ప్రేమకథను మళ్లీ చూడండి. రోబో మనిషి అవుతుందా అన్నది అందులో అసలు ప్రశ్న కాదు. మన కళ్లు ఎవరిని మనిషిగా చూస్తాయి, ఎవరిని మట్టిముద్దగా చూస్తాయి అన్నదే ప్రశ్న. చూసేది కన్ను కాదు, మెదడని మెడిసిన్ చదివిన తెజుకాకు తెలుసు. మెదడులో చిన్న మార్పు చేస్తే లోకమే తిరగబడుతుందని లియోనా చేత చూపించారు. సైనికుల చేతిలో దెబ్బ తిన్న కుర్రాడు, వైద్యం చదివిన విద్యార్థి, ఇద్దరూ కలిసి రాసిన కథ అది.

చివరికి లియోనా మనసును, చిహిరోను ఒకే యంత్రంలో కలిపేస్తారు. అదే ‘రోబిటా’. చూడ్డానికి మొద్దుగా ఉంటుంది. కానీ మాటలో, పనిలో ఏదో మనిషితనం తగులుతుంది. అందుకే దాని నకళ్లు వేలల్లో తయారై ఇంటింటికీ పనికి చేరతాయి. పిల్లలకు ప్రాణం. కొన్ని వందల ఏళ్ల తర్వాత ఓ పిల్లాడి మరణానికి కారణమంటూ ఒక రోబిటాను కరిగించేయమని కోర్టు తీర్పిస్తుంది. అప్పుడు మిగతా రోబిటాలన్నీ వరుసకట్టి కొలిమిలోకి నడుస్తాయి. అన్నిటిలో ఉన్నది ఆ ఒక్క జంట మనసే కదా! మనిషి లోపలుండగా వస్తువులా తుక్కు కింద లెక్కగట్టడం వాటికి నచ్చలేదు.

రోబోలు మన ఉద్యోగాలు లాగేసుకుంటాయా అని ఇవాళ మనం భయపడుతున్నాం. తెజుకా ఇంకో వైపు నుంచి అడిగారు. పనిచేసేవాళ్లను, వాళ్లు ఎవరైనా సరే, మనం ఎలా చూస్తున్నాం?

దివాలా తీశాక వచ్చిన డాక్టర్

1973 నవంబరు. ముషి ప్రొడక్షన్ దివాలా తీసింది. తెజుకా పని అయిపోయిందని అంతా అనుకున్నారు. ఆ నెలలోనే ఓ వారపత్రికలో ఆయన కొత్త కథ మొదలైంది. పేరు ‘బ్లాక్ జాక్’. లైసెన్స్ లేని సర్జన్, ముఖం మీద కుట్లు, భారీ ఫీజు, చేతిలో అద్భుతమైన కత్తి. మొదట్లో పెద్దగా ఆశల్లేకుండా మొదలైన ఆ కథ ఏళ్ల తరబడి నడిచి ఆయన్ని మళ్లీ శిఖరం మీద నిలబెట్టింది.

ఎందుకూ పనికిరాదనుకున్న డిగ్రీ సంగతి గుర్తుందా? పాసైన 20 ఏళ్లకు పనికొచ్చింది. పేగులు, నరాలు, ఆపరేషన్ టేబుల్ మీద చేతుల కదలిక... అవి గీయడానికి ఆ చదువే అక్కరకొచ్చింది.

మన నేల కథా ఆయన చేతిలో పడింది. 1972 నుంచి 1983 దాకా కపిలవస్తు నేపథ్యంగా ‘బుద్ధ’ గీశారు. ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. మాంగాలోకి అడుగుపెట్టాలనుకునేవాళ్లు దానితో మొదలెట్టొచ్చు.

కడుపు క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉండి కూడా ఆయన గీస్తూనే ఉన్నారు. 1989 ఫిబ్రవరి 9న కన్నుమూసే నాటికి వయసు 60 మాత్రమే. వెనక మిగిలింది సుమారు 700 రచనలు, లక్షన్నర పేజీలు. ‘ఫీనిక్స్’ మాత్రం పూర్తికాలేదు.

మనం ఏం తీసుకోవాలి? ఏం వదిలేయాలి?

* చదివిన బ్రాంచి ఒకటి, వచ్చిన ఉద్యోగం ఇంకొకటి అయితే కుంగిపోవద్దు. నేర్చుకున్నది ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుంది. కాకపోతే దాన్ని సగంలో వదలకుండా నేర్చుకుని ఉండాలి.

* ఇష్టమైన పని మొదలుపెట్టడానికి డిగ్రీ అయ్యేదాకా ఆగక్కర్లేదు. తెజుకా 17 ఏళ్లకే అచ్చులో కనిపించారు.

* మొదటి అవకాశం కోసం మీ పనికి మరీ తక్కువ రేటు కట్టుకోవద్దు. ఆ భారం మీ తర్వాత వచ్చేవాళ్ల మీద కూడా పడుతుంది.

* నిద్ర మాని పనిచేయడం మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవద్దు. 60 ఏళ్లకే ముగిసిన జీవితం అది.

* రేపు మీ ఆఫీసులో పక్క సీట్లో మనిషి ఉన్నా, ఏఐ ఉన్నా సరే, ఫ్లోర్ తుడిచే అక్కను, గేటు దగ్గరి వాచ్‌మన్‌ను, కొత్తగా చేరిన జూనియర్‌ను మట్టిముద్దల్లా చూడకండి. లియోనాకు మెదడు దెబ్బతిని అలా కనిపించారు. మనకు ఆ సాకు లేదు.