లంకల గన్నవరం అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

పి.గన్నవరం: గోదావరి జిల్లాల్లో అన్నదానానికి మారుపేరైన డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో జన్మించారు. లంకల గన్నవరానికి చెందిన రైతు, వేదపండితుడు డొక్కా జోగన్నను వివాహమాడి ఇక్కడికి వచ్చారు. ఆ రోజుల్లో గోదావరి పాయలు దాటేందుకు పడవలే దిక్కు. రేవు దాటి అలసి వచ్చే బాటసారులకు ఆ ఇల్లే పూటకూళ్లిల్లు. కాకుంటే అక్కడ పైకం పుచ్చుకునేవారు లేరు. వేళకాని వేళ వచ్చినా విస్తరి వేసేవారు.

ఒకమారు ఆమె అంతర్వేది నృసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో సేదతీరుతున్న పెళ్లిబృందం వారు, ఆకలికి ఏడుస్తున్న పిల్లలను గన్నవరం చేరితే సీతమ్మ గారింట అన్నం దొరుకుతుందని ఊరడించడం ఆమె చెవినపడింది. వెంటనే బోయీలను వెనక్కు మళ్లించి, వారికంటే ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేశారని పెద్దలు నేటికీ చెబుతారు.

నిత్యాన్నదానంతో ఆస్తి కరిగిపోయింది. జోగన్న సహకారం లేనిదే ఇది ఇన్నేళ్లు సాగేది కాదు; ఆయన పేరు అరుదుగా వినిపించడం విచారకరం. ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక వేడుకలకు ఆహ్వానం అందినా ఆమె వెళ్లలేదని, ఛాయాచిత్రాన్ని మాత్రం అధికారులు పంపారని ప్రతీతి.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ కన్నుమూశారు. వైనతేయ పాయపై 2000లో ప్రారంభమైన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే ఉంచింది.