ఫిరంగుల రేమండ్

అనంతపురం జిల్లాలోని గుంతకల్లు ప్రాంతం వర్షాభావానికి పేరుపడిన మెట్టసీమ. దాని సమీపంలోనే కొండపై గుత్తి దుర్గం నిలిచి ఉంది. ఈ సీమను రాయలసీమ అనడం 1928 నుండి వాడుకలోకి వచ్చింది. అంతకుముందు దీనిని దత్తమండలాలు అనేవారు. నిజాం ప్రభువు ఈ మండలాలను 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేయడం వల్ల ఆ పేరు ఏర్పడింది. అడగకుండానే ఒక ప్రభువు ఇంతటి భూభాగాన్ని ఎందుకు వదులుకుంటాడు? దీనికి సమాధానం వెదుకుతూ వెళితే హైదరాబాదులోని ఒక ఫిరంగుల కార్ఖానా వద్దకు, దానిని నెలకొల్పిన ఒక విదేశీయుని జీవితం వద్దకు చేరుకుంటాం. ఆయనే మిషెల్ జోషిం మారీ రేమండ్.

రేమండ్ 1755లో ఫ్రాన్సు దేశంలోని గాస్కొనీ ప్రాంతంలో, సెరిన్యాక్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి వర్తకుడు. ఇరవై ఏళ్ల ప్రాయంలో, 1775లో, రేమండ్ వ్యాపారం నిమిత్తం ఓడ ఎక్కి పుదుచ్చేరి చేరాడు. కానీ ఆయన మనస్సు తక్కెడ మీద నిలువలేదు. ఆనాటి దక్షిణాపథంలో మైసూరు, మహారాష్ట్ర, హైదరాబాదు రాజ్యాలతోపాటు ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఆధిపత్యం కోసం పోరాడుతున్నారు. ధైర్యసాహసాలున్న యువకునికి అంగడి కంటె రణరంగమే గౌరవప్రదంగా కనిపించింది. ఆయన మైసూరు ప్రభువు హైదరలీ పక్షాన పోరాడుతున్న ఫ్రెంచి దళంలో సైనికుడుగా చేరాడు. తరువాత 1783లో భారతదేశానికి తిరిగివచ్చిన సేనాని బుస్సీ వద్ద అంగరక్షకాధికారిగా పనిచేశాడు. బుస్సీ 1785లో మరణించగా, మరుసటి ఏడు రేమండ్ హైదరాబాదు చేరి రెండవ నిజాం అయిన నిజాం అలీఖాన్ కొలువులో ప్రవేశించాడు.

మొదట ఆయన ఆధీనంలో ఉన్నది చిన్న దళమే. అయితే శిక్షణలోను, క్రమశిక్షణలోను రేమండ్ చూపిన పట్టుదల వల్ల అది ఏటేటా పెరిగింది. యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్చిన సిపాయిలు, వారిపై ఫ్రెంచి అధికారులు, వారి వెంట ఫిరంగులు, వాటిని లాగే ఎద్దులు - ఇలా ఒక సమగ్ర సైన్యం రూపొందింది. కొన్నేళ్లలో దాని సంఖ్య సుమారు 14 వేలకు చేరింది. సైన్యపు ఖర్చులకై నిజాం కొన్ని ప్రాంతాల ఆదాయాన్ని రేమండ్‌కు అప్పగించాడు.

1795 మార్చిలో ఖర్దా వద్ద నిజాం సేనలకు, మరాఠా సేనలకు యుద్ధం జరిగింది. ఆంగ్లేయులు తటస్థంగా ఉండిపోయారు. రేమండ్ దళం స్థైర్యంతో పోరాడింది. కాని నిజాం ధైర్యం సడలి కోటలోకి వెనుదిరగడంతో పోరు ఓటమిగా ముగిసింది. నిజాం భారీ పరిహారానికి అంగీకరించి, తన మంత్రి అరిస్తూజాను మరాఠాలకు బందీగా అప్పగించవలసి వచ్చింది. ఆపదలో ఆదుకోని ఆంగ్లేయులపై నిజాంకు విశ్వాసం తగ్గింది, రేమండ్‌పై పెరిగింది. అదే ఏడాది నిజాం కుమారుడు అలీజా తిరుగుబాటు చేయగా రేమండ్ వెంబడించి అతనిని పట్టుకున్నాడు. 1796లో నిజాం ఆయనను రాజ్యంలోని ఫిరంగులన్నిటికీ, ఆయుధాగారాలకూ అధికారిగా నియమించాడు.

రేమండ్ శాశ్వతకీర్తికి కారణమైన ఫిరంగుల కార్ఖానా ఈ కాలంలోనిదే. 1795లో హైదరాబాదులోని ఫతే మైదాను సమీపంలో దానిని నిర్మించారు. ప్రజలు దానిని తోప్ కా సాంచా అన్నారు. సాంచా అంటే అచ్చు. ఆంగ్లంలో దానికి గన్‌ఫౌండ్రీ అనే పేరు వచ్చింది. ఆ పేరే నేటికీ ఆ పేటకు నిలిచింది.

ఫిరంగి చేయడం సామాన్యమైన పని కాదు. ఆ కాలంలో రాగి, తగరం కరిగించి కలిపిన కంచుతో గాని, పోత ఇనుముతో గాని ఫిరంగులు పోసేవారు. గోతిలో మట్టి అచ్చును నిలువుగా నిలిపి, ఫిరంగి మొదలు కిందికి, మూతి పైకి ఉండేటట్లు కరిగిన లోహాన్ని నింపేవారు. పైనున్న లోహపు బరువుకు అడుగుభాగం గట్టిపడేది. ఫిరంగికి మొదలే ప్రాణస్థానం. తుపాకిమందు అంటుకొన్నప్పుడు పుట్టే వాయువు అన్ని దిక్కులకూ ఒక్కుమ్మడిగా తోస్తుంది. వెనుకభాగం బిగువుగా మూసుకొని ఉంటేనే ఆ బలమంతా ముందున్న గుండుకు చేరుతుంది. వెనుక సందు ఉంటే గుండు వేగం తగ్గడమే కాదు, నిప్పులు చిమ్మే వాయువు ఫిరంగి వెనుక నిలిచినవారినే బలిగొంటుంది.

వెనుకనుండి మందు కూర్చే ఫిరంగులు అంతకుముందు కొన్ని శతాబ్దాల నాడే ఉండేవి. మందు నింపిన చిన్న పాత్రను గొట్టం వెనుక అమర్చి, మేకు దిగగొట్టి బిగించేవారు. కాని ఆ అతుకు వద్ద వాయువు జారిపోయేది. అందువల్లనే పెద్ద ఫిరంగుల వెనుకభాగాన్ని ఏకఖండంగా పోతపోసి పూర్తిగా మూసివేయడం పరిపాటి అయింది. రేమండ్ కాలపు ఫిరంగులు ఆ తరహావే. మందును, గుండును మూతినుండే కూర్చి, కర్రతో దట్టించేవారు. వెనుక ఉండేది రంజకపు బెజ్జం ఒక్కటే. అందులో నిప్పు పెడితే ఫిరంగి పేలేది. ఈ పద్ధతిలో వెనుకభాగం భద్రమే గాని, ప్రతిసారీ మూతి వద్దకు వెళ్లి నింపవలసి రావడం వల్ల కాలం వృథా అయ్యేది.

ఈ చిక్కుకు సరైన పరిష్కారం రేమండ్ తరువాత ముప్పాతిక శతాబ్దానికి గాని దొరకలేదు. 1850లలో ఇంగ్లండులో ఆర్మ్‌స్ట్రాంగ్ వెనుకనుండి నింపే ఫిరంగిని రూపొందించాడు. అయినా బిగింపు లోపాల వల్ల బ్రిటిషు సైన్యం కొంతకాలం పాత పద్ధతికే మళ్లింది. 1870లలో ఫ్రెంచి సైనికాధికారి ద బాంజ్ చక్కని ఉపాయం కనుగొన్నాడు. వెనుక తలుపుకు మరలు చెక్కి, దానిముందు కొవ్వు పట్టించిన రాతినార మెత్తను, దానిముందు పుట్టగొడుగు ఆకారంలో ఉన్న ఉక్కు తలను అమర్చాడు. మందు పేలినప్పుడు వాయువు ఆ తలను వెనుకకు నెడుతుంది. మధ్యలోని మెత్త నలిగి, పక్కలకు ఉబ్బి, గొట్టం గోడలకు హత్తుకొంటుంది. ఒత్తిడి ఎంత పెరిగితే మూత అంత బిగుస్తుంది. బయటికి పోజూచే వాయువే తన దారిని తానే మూసుకొంటుంది!

రేమండ్ ఫిరంగులను బలంగా పోయించాడు. కాని ఆయన సైన్యానికి అటువంటి బిగువు లేకపోయింది. అది ఆయన వ్యక్తిత్వం మీదనే ఆధారపడి ఉండేది. ఫ్రెంచి విప్లవ పతాకం ఎగురవేసే దళం నిజాం రాజధానిలో ఉండడం ఆంగ్లేయులకు కంటకమైంది. ఇంతలో 1798 మార్చి 25న, నలభై మూడేళ్లయినా నిండకుండానే, రేమండ్ కన్నుమూశాడు. విషప్రయోగం జరిగిందని వదంతులు వ్యాపించినా అవి నిర్ధారణ కాలేదు.

ఆయన స్థానంలోకి వచ్చిన పిరోన్‌కు ఆ పలుకుబడి లేదు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం ఆంగ్లేయులతో సైన్యసహకార సంధి చేసుకొని, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయడానికి అంగీకరించాడు. అక్టోబరులో, జీతాల బకాయిలు అందక సిపాయిలు తిరగబడి తమ అధికారులనే నిర్బంధించారు. అక్టోబరు 22న ఆంగ్ల సేనలు శిబిరాన్ని చుట్టుముట్టాయి. బకాయిలు చెల్లిస్తామన్న హామీతో సిపాయిలు ఆయుధాలు దించారు. పన్నెండేళ్లు శ్రమించి నిర్మించిన సైన్యం ఒక్క గుండు పేలకుండా కొన్ని గంటలలో మాయమైంది.

ఆ సంధి ప్రకారం ఆంగ్ల సైన్యాన్ని పోషించడానికి నిజాం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లించవలసి వచ్చింది. 1800లో ఆ సైన్యాన్ని మరింత పెంచి, రొక్కానికి బదులుగా, మైసూరు యుద్ధాలలో తనకు లభించిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను నిజాం కంపెనీకి అప్పగించాడు. గుత్తి, గుంతకల్లు సీమలు ఆ విధంగానే చేతులు మారాయి. ఎవరినీ అడగకుండానే రైతులు కొత్త ప్రభువుకు శిస్తు కట్టవలసిన వారయ్యారు. సొంత సైన్యాన్ని నిలుపుకోలేని రాజ్యం పరాయి సైన్యానికి నేలనే జీతంగా ఇచ్చుకొంది.

హైదరాబాదు ప్రజలు రేమండ్‌ను పరాయివానిగా చూడలేదు. ముస్లిములు మూసా రహీం అని, హిందువులు మూసా రాం అని పిలుచుకున్నారు. మూసారాంబాగ్ అనే పేటకు ఆయన వల్లనే ఆ పేరు వచ్చింది. అస్మాన్‌గఢ్ గుట్టపై ఆయన సమాధి, దానిపై ఎత్తైన శిలాస్తంభం ఉన్నాయి. చాలాకాలం అక్కడ ఏటా వర్ధంతినాడు ఉర్సు జరిగేది. 2001లో వానలకు కూలిన సమాధి మండపాన్ని తరువాత పునర్నిర్మించారు. గన్‌ఫౌండ్రీలో పాత కార్ఖానా గోడలు మాత్రం శిథిలాలై మిగిలాయి.

పొట్టకూటికై వచ్చిన వర్తకుని కుమారుడు తన ప్రతిభతో ఒక రాజ్యానికి అండగా నిలిచాడు. ఆయుధాలు పోతపోయడం అతనికి తెలుసు. కాని ఆ ఆయుధాలు పట్టినవారికి సకాలంలో జీతం, పాలకునిపై నమ్మకం అందించడం ఒక్కని చేతిలో లేని పని. వెనుక బిగువు లేని ఫిరంగి ఎంత పెద్దదైనా శత్రువును చేరలేదు. రాజ్యం సంగతీ అంతే.

ప్రశ్నలు

1. రేమండ్ నిజాం కొలువులో చేరడానికి ముందు గడిపిన జీవితాన్ని వివరించండి.
2. ఫిరంగి వెనుకభాగం బిగువుగా ఉండవలసిన అవసరం ఏమిటి? ద బాంజ్ కనుగొన్న ఉపాయాన్ని తెలపండి.
3. ఫ్రెంచి దళం రద్దు కావడానికి, దత్తమండలాలు ఏర్పడడానికి గల సంబంధాన్ని విశదీకరించండి.
4. హైదరాబాదు ప్రజలు రేమండ్ జ్ఞాపకాన్ని ఏ విధంగా నిలుపుకున్నారు?