ఎల్వుడ్ కెసాడా

పొలములకు గట్లున్నట్లు ఆకాశమునకు లేవని మన విద్యార్థులు పలువురు తలంతురు. కంటికి కానరాకున్నను గట్లు కలవు. సైన్యము ఫిరంగులు కాల్చు చోట్లను, యుద్ధవిమానములు సాధన చేయు చోట్లను ప్రయాణికుల విమానములు అనుమతి లేక చొరరాదు. సైన్యమున కక్కఱలేని వేళ అనేక స్థలముల నా గట్లు తొలఁగించి దారి యిత్తురు. అమెరికాలో ఈ గట్ల తగవు తీర్చుటకుఁ గూర్చుండినవాఁడు ఎల్వుడ్ కెసాడా.

ఈయన 1904 ఏప్రిలు 13 న వాషింగ్టను నగరమున జన్మించెను. తండ్రి స్పెయిను దేశీయుఁడు. యౌవనముననే సైనిక విమానశాఖలోఁ జేరెను. 1929 జనవరిలో, ప్రశ్నార్థకచిహ్నమను పేరుగల విమానమున మఱి నలువురితోఁ గూడి, వేఱొక విమానమునుండి గొట్టముద్వారా పెట్రోలు పోయించుకొనుచు, 150 గంటలకుఁ బైగా నేల దిగక యెగిరెను. స్నానమెట్లని మా తరగతి బాలుఁడొకఁ డడిగెను! 1944 లో నార్మండీ యుద్ధమున ఈయన వైమానికులను రేడియోలతో ట్యాంకులలోఁ గూర్చుండఁబెట్టి, నేలమీఁదివారును మింటనున్నవారును మాటలాడుకొనునట్లు చేసెను. తరువాతి పనికంతకు నిదియే బీజమని నా తలంపు.

ఏలయన, అప్పటి అమెరికాలో ప్రయాణికుల విమానములకు దారి చూపువారు వేఱు, సైనిక విమానములకు వేఱు. ఒకరి సంగతి యొకరికిఁ దెలియకుండెను. 1956 జూను 30 న గ్రాండ్ కేన్యన్ మీఁద రెండు ప్రయాణికుల విమానములు ఢీకొని 128 మంది మరణించిరి. 1958 ఏప్రిలు 21 న లాస్ వేగస్ చెంత, సుమారు 21,000 అడుగుల యెత్తున, సైనిక జెట్ విమానమును ప్రయాణికుల విమానమును ఢీకొనెను. రెంటిలో నున్న 49 మందిలో నొక్కరును బ్రదుకలేదు. నెల తిరుగకమునుపే మేరీలాండులో నట్టిదే మరల జరిగి 12 మంది చనిపోయిరి.

కెసాడా 1957 నుండి ఐసెన్‌హోవరు అధ్యక్షునికి ఈ విషయమున సలహాదారు. 1958 ఆగష్టు 23 న అధ్యక్షుఁడు క్రొత్త శాసనముపై సంతకము చేసెను. ఆకాశమంతయు నొకే పౌరసంస్థ చేతికి వచ్చెను. సైన్యము సయితము తన భాగమును దానినడిగి పొందవలసినదాయెను. దాని యధిపతి పౌరుఁడై యుండవలెనని నిబంధన. కెసాడా 1951 లోనే కొలువు విరమించినను లెఫ్టినెంటు జనరల్ హోదా నిలిచియుండెను. దానిని సయితము విడిచి, నవంబరు 1 న అధికారము స్వీకరించెను.

ఆయన మొగమాట మెఱుఁగనివాఁడు. అఱువదియేండ్లు నిండినవారు విమానసంస్థల విమానములు నడపరాదని 1959 లో నియమము చేయఁగా పైలట్లు మండిపడిరి. అయినను అది 2007 వఱకు నిలిచెను. 1961 లో పదవి విడిచిన కెసాడా 1993 ఫిబ్రవరి 9 న కన్నుమూసెను.